కావలి రాత్రుల వంట: చేను దగ్గర టెంటు వేసుకున్నప్పుడు తేలిగ్గా వండుకునేవి

చెనక్కాయ చేను దగ్గర మేము పన్నెండు రాత్రులు కావలి పడుకున్న వీడియో మీరు చూసే ఉంటారు. అందులో పందుల గురించి, లైట్ల గురించి, కంచె గురించి చెప్పాను కానీ అన్ని రాత్రులూ ఏం తిన్నామో చెప్పలేదు. ఈసారి వీడియో మొత్తం పొయ్యి దగ్గరే తీశాం. వీడియోలో చేతులు కనిపిస్తాయి, కొలతలు సరిగ్గా వినిపించవు. పక్కన నిప్పు చిటపటలు, దూరంగా కుక్కల గోల. అందుకే కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

మాది తంబళ్ళపల్లె వైపు. వానాధారం చేలు. చెనక్కాయ పీకడానికి పది పదిహేను రోజుల ముందు నుంచి అడవిపందులు దిగుతాయి. కాయ గట్టిపడే వాసన వాటికి ఎలా తెలుస్తుందో గానీ మనకంటే ముందే తెలిసిపోతుంది. అప్పటి నుంచి పీకి వామి వేసేదాకా రాత్రి చేను దగ్గర మనిషి ఉండాల్సిందే. మా అబ్బ కాలంలో మంచె మీద పడుకునేవాళ్ళు. ఈసారి బెంగళూరు నుంచి మా మేనల్లుడు ఒక టెంటు తెచ్చాడు. వాడు దీన్ని క్యాంపింగ్ అంటాడు. "మామా, దీనికోసం జనం హార్స్‌లీ హిల్స్‌కి డబ్బులు కట్టి వస్తారు, నీకు ఊరికే దొరుకుతోంది" అన్నాడు. వాడి బ్యాగులో ఇరవై నూడుల్స్ ప్యాకెట్లు ఉన్నాయి. సరేలే అనుకున్నాను.

తిండి గురించి ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. పోయిన సంవత్సరం కావలిలో ఒక రాత్రి నేను, మా తమ్ముడు ఇంటి నుంచి తెచ్చుకున్న టమోటా అన్నం తిన్నాం. మధ్యాహ్నం వండింది. వేడివేడిగా క్యారియర్‌లో పెట్టి మూత బిగించారు. రాత్రి తొమ్మిదికి మళ్ళీ వేడి చేసుకుని తిన్నాం. వాసన ఏమీ రాలేదు, రుచి కూడా బాగానే ఉంది. పదకొండు దాటాక వాంతులు మొదలయ్యాయి. ఇద్దరికీ. ఒంటిగంటకు ఇంటికి వచ్చి పడ్డాం. తెల్లారి వెళ్ళి చూస్తే చేను ఉత్తరం వైపు పది సెంట్ల దాకా పందులు కుమ్మేసి ఉన్నాయి. నాలుగు నెలల పంట, ఒక్క రాత్రి, ఒక్క క్యారియర్ అన్నం.

తర్వాత తెలిసింది ఏమిటంటే, వండిన అన్నం గంటలకొద్దీ గోరువెచ్చగా మూతపెట్టి ఉంచితే అందులో ఒక రకం బాక్టీరియా పెరుగుతుంది. దాని పేరు బాసిల్లస్ సీరియస్. దాని విత్తు లాంటి రూపం మనం అన్నం వండే వేడికి చావదు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తి విషం వదులుతుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వేడి చేసుకుని తిన్నాం కదా, ఏం కాదులే అనుకున్నది మా పొరపాటు. అప్పటి నుంచి రాత్రి తినేది రాత్రే వండుకోవాలని పెట్టుకున్నాం. దానికి తగ్గట్టు వంట తేలిగ్గా ఉండాలి. ఒకరు వండుతుంటే ఒకరు లైటు పట్టుకుని చేను చుట్టూ తిరిగి రావాలి కదా.

ముందు పొయ్యి సంగతి

మనలాంటి వాళ్ళకి పొయ్యి దగ్గర ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. రసాయనాలు వేసి కలుపు లేకుండా నున్నగా పెట్టుకున్న చేలో నిప్పురవ్వ పడితే ఆరిపోతుంది. మన చేలో ఆచ్ఛాదన ఉంటుంది. ఎండిన ఆకులు, చెత్త, కంది పొట్టు, గడ్డి. నేల తడి ఆరకుండా మనం కప్పిన దుప్పటే నిప్పు అంటుకుంటే పరుగెత్తుతుంది. మూడేళ్ళ కింద నాకు అదే జరిగింది. పొద్దున్నే పొయ్యి మీద మట్టి కప్పి, ఆరిపోయింది అనుకుని ఇంటికి వచ్చాను. మట్టి కింద నిప్పు గంటలకొద్దీ బతికే ఉంటుంది. పది గంటలకు గాలి లేచింది. నాలుగు సాళ్ళ ఆచ్ఛాదన, దాని మీద ఉన్న డ్రిప్ పైపులు కాలిపోయాయి. పక్క చేలో జొన్న చొప్ప వామి ఉంది, అక్కడిదాకా పోలేదు. పోయి ఉంటే నేను ఈ బ్లాగు రాస్తూ ఉండేవాణ్ణి కాదు, అప్పు కడుతూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు నేను చేసేది ఇది. చేను లోపల కాకుండా దారి పక్కన, లేదా వెడల్పాటి గెనిమ మీద మూడు మీటర్ల మేర చెత్త అంతా గీకేసి ఎర్రమట్టి కనిపించేలా చేస్తాను. మధ్యలో జానెడు లోతు గుంత. గాలి వచ్చే వైపు చిన్న కాలువలాగా తెరిచి ఉంచితే కట్టెలు బాగా మండుతాయి, మంట గుంత దాటి పైకి రాదు. చుట్టూ మూడు రాళ్ళు. రాళ్ళు వంక నుంచి, చెరువు నుంచి తడిగా తెచ్చినవి వాడొద్దు. లోపల పట్టిన నీరు ఆవిరై రాయి పగులుతుంది, ముక్కలు ఎగిరి మొహానికి తగులుతాయి. గట్టు మీద ఏళ్ళ తరబడి ఎండిన రాయి చాలు. ఒక బిందె నీళ్ళు పొయ్యి పక్కనే ఉండాలి, తాగేవి కాదు, ఆర్పడానికి.

కట్టెల్లో తుమ్మ, సర్కారు తుమ్మ, చింత మంచివి. నిప్పు నిలుస్తుంది. కంది కట్టె భగ్గున మండి అయిపోతుంది, అంటించడానికి బాగుంటుంది, సంగటికి పనికిరాదు. గన్నేరు పుల్లలు మాత్రం పొయ్యిలోకి రానివ్వకండి. ఆ చెట్టు మొత్తం విషమే, పొగ కూడా మంచిది కాదు. దాని పుల్లతో కలపడం, మాంసం గుచ్చి కాల్చడం అసలే వద్దు. పాత డ్రిప్ పైపు ముక్కలు, విత్తనాల సంచులు మంట రాజెయ్యడానికి వాడేవాళ్ళను చూశాను. ఆ పొగలో వండిన తిండి తినడానికేనా మనం ఇంత కష్టపడి మందుల్లేని పంట పండించేది?

ఒక చిన్న కిటుకు మా అమ్మ చెప్పింది. గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు దాని అడుగుకి, బయటి వైపుకి పల్చగా తడి మట్టి పూయండి. మసి మట్టికి పడుతుంది, కడిగేటప్పుడు మట్టితో పాటు ఊడిపోతుంది. చీకట్లో గిన్నెలు తోమే పని సగం తగ్గుతుంది.

రాగి సంగటి, ఊరిబిండి

కావలి తిండి అంటే మా వైపు ఇదే. ఒక్క గిన్నె, ఒక్క కట్టె. తింటే తెల్లవారుజాము దాకా ఆకలి అనిపించదు. అన్నం తిన్నట్టు కళ్ళు మూతలు పడవు కూడా.

ముగ్గురికి కొలత. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో బియ్యం ఒక గ్లాసు, రాగిపిండి రెండు గ్లాసులు, నీళ్ళు ఆరు గ్లాసులు. బియ్యం బదులు నూకలైతే ఇంకా తొందరగా ఉడుకుతాయి. ఎసరు కాగాక బియ్యం కడిగి వేసి, ఉప్పు వేసి, మెతుకు నలిగితే పిండిలా అయ్యేదాకా ఉడికించాలి. మామూలు అన్నం కంటే బాగా మెత్తగా ఉండాలి, నీళ్ళు ఇంకా పైన కనిపిస్తూ ఉండాలి. నీళ్ళు ఇగిరిపోతే సంగటి గడ్డలు కడుతుంది. అప్పుడు ఒక గ్లాసు వేడినీళ్ళు పోసుకోండి, చన్నీళ్ళు వద్దు.

ఇప్పుడు రాగిపిండి మొత్తం మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు. మేనల్లుడు ఇక్కడే తొందరపడి గిరగిరా తిప్పేశాడు, ఆ రాత్రి పచ్చి పిండి ఉండలు తిన్నాం. కుప్ప మధ్యలో కట్టెతో ఒక బొక్క పెట్టి, మంట తీసేసి, నిప్పుల మీద పది నిమిషాలు మూతపెట్టి వదిలేయాలి. ఆ బొక్కలోంచి ఉడుకు నీళ్ళు పైకి పొంగి పిండిని తడుపుతాయి. తర్వాత గిన్నె కిందికి దించి, గుడ్డతో అంచు గట్టిగా పట్టుకుని, కట్టెతో అడుగు నుంచి ఎనపాలి. ఇద్దరు ఉంటే ఒకరు గిన్నె పట్టుకోండి, ఒకరు ఎనపండి. ఒక్కరే అయితే గిన్నెను రెండు రాళ్ళ మధ్య ఇరికించుకోవచ్చు. చెయ్యి తడిచేసుకుని ముట్టుకుంటే అంటుకోకూడదు, అదే గుర్తు. తడి పళ్ళెంలో వేసి ముద్దలు చేసుకోండి.

ఊరిబిండికి రోలు కావాలి. చేలో రోలు ఎక్కడిది? మేము చేసేది చెబుతాను. సంగటి నిప్పుల మీద మగ్గే పది నిమిషాల్లో, పక్కన నిప్పుల్లో మూడు టమోటాలు, ఐదారు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిగడ్డ పెట్టి కాల్చండి. మిరపకాయలకు ఒక గాటు పెట్టండి, లేకపోతే పేలతాయి. ఇంటి దగ్గరే వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనక్కాయ పప్పు ఒక డబ్బాలో తెచ్చుకోవాలి. కాల్చినవాటి మసి పొట్టు తీసేసి, వెడల్పాటి గిన్నెలో వేసి, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెక్కల చింతపండు కలిపి గ్లాసు అడుగుతో నలపండి. చివర్లో చెనక్కాయ పొడి రెండు గుప్పిళ్ళు. రోట్లో నూరిన దానికి సాటి రాదు. కానీ కాల్చిన టమోటా వాసన దానికీ ఉండదు. టమోటా ధర పడిపోయి కోత కూలి కూడా రాని వారంలో ఈ ఊరిబిండి రెండు పూటలా తిన్నాం, అది వేరే కథ.

కొర్ర కిచిడి

సంగటి ఎనపడం రానివాళ్ళకి ఇది సులువు. కొర్రలు ఒక గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు, నీళ్ళు ఐదు గ్లాసులు. కొర్రలు కనీసం ఆరు గంటలు నానాలి. మధ్యాహ్నం చేను పని మీద వెళ్ళినప్పుడే కడిగి నీళ్ళలో వేసి నీడలో పెట్టేయండి, పొద్దు గుంకేసరికి సిద్ధం. నానని కొర్రలు ఎంత ఉడికించినా గుటకలో గరుకుగా తగులుతాయి, కట్టెలు కూడా దండగ.

గిన్నెలో రెండు చెంచాల గానుగ నూనె, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు, తరిగిన ఉల్లిగడ్డ. తర్వాత నీళ్ళు, పసుపు, ఉప్పు. తెర్లేటప్పుడు కొర్రలు, పెసరపప్పు వేసి సన్న మంట మీద ఇరవై ఇరవై ఐదు నిమిషాలు. మధ్యలో రెండు మూడుసార్లు అడుగు కలపండి. దించే ముందు ఒక గుప్పెడు ఆకుకూర.

ఆకుకూర దగ్గర ఆగి ఒక మాట చెప్పాలి. కలుపు అని పీకేసే వాటిలో సగం కూరలే. చెంచలాకు, గురుగాకు, పొన్నగంటి, చిలకతోటకూర మా చేలో అడుగడుగునా ఉంటాయి. మీకు చిన్నప్పటి నుంచి బాగా తెలిసిన ఆకులే కొయ్యండి. చీకట్లో సెల్లు లైటు వెలుగులో అస్సలు కొయ్యొద్దు, పగలే కోసి పెట్టుకోండి. రెండోది, మనం ఏ మందూ కొట్టలేదు కదా, ఎక్కడ కోసినా మంచిదే అనే ధీమా. అగ్నాస్త్రంలో పొగాకు ఉంటుంది. దశపర్ణిలో ఉమ్మెత్త ఉంటుంది. పురుగును చంపేది మన కడుపులోకి వెళ్ళినా చెడే చేస్తుంది, ఆవు మూత్రంలో కాచినంత మాత్రాన దాని గుణం మారదు. కషాయం పిచికారీ చేసిన సాళ్ళలో మేము వారం రోజులు ఆకు ముట్టం, ఆ తర్వాత కూడా బాగా కడిగే వండుతాం. జీవామృతం చల్లిన చోట కోసిన ఆకు పచ్చిగా నమలడం కూడా మంచిది కాదు, అందులో ఉన్నది పేడ. జీవామృతం కలిపిన చేతులను మట్టితో రుద్దుకుంటే సరిపోదు, సబ్బుతో కడిగి కూర్చోండి. నేను కావలికి వెళ్ళే సంచిలో మొదట పెట్టేది సబ్బుబిళ్ళ.

నిప్పుల్లో కాల్చుకునేవి

పిల్లలు వచ్చిన రోజు వంట అక్కర్లేదు. చిలగడదుంపలు కడిగి తడిగానే వేడి బూడిదలో పూడ్చి, పైన నిప్పులు కప్పితే అరగంట, ముప్పావు గంటకు మెత్తబడతాయి. లావుగా ఉంటే ఇంకాస్త. మొక్కజొన్న కంకి పొట్టు తీయకుండా నీళ్ళలో ముంచి నిప్పుల మీద పెడితే తన ఆవిరికి తనే ఉడుకుతుంది.

పచ్చి చెనక్కాయలు కాల్చడం మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నాలుగు చెట్లు కాయలతో పీకి, మట్టి దులిపి, గీకి శుభ్రం చేసిన నేల మీద ఎండు పుల్లల పొర పరిచి, దాని మీద కాయలు కిందికి ఉండేలా చెట్లు పేర్చి అంటిస్తే రెండు మూడు నిమిషాల్లో మంట అయిపోతుంది. అదే బూడిదలో కాయలు ఐదు నిమిషాలు మగ్గనిచ్చి ఏరుకోవడమే. బెల్లం ముక్క పక్కన ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే.

కానీ కాయ చూసి తినండి. పీకే ముందు వాన పడితే, పురుగు తొలిచితే కాయ లోపల పచ్చగా, నల్లగా బూజు కనిపిస్తుంది. పప్పు ముడుచుకుపోయి, రంగు మారి, చేదుగా ఉంటుంది. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. అది కాలేయానికి చేటు. కాల్చినా, వేయించినా పూర్తిగా పోదు. చేదు తగిలితే ఉమ్మేయండి. ఏరేసిన కాయలు పశువులకు కూడా వెయ్యకండి, ఆవు తింటే పాలలోకి వస్తుంది. అరికెలతో కూడా ఇలాంటి ఇబ్బందే. వానకు తడిసి బూజు పట్టిన అరికెలు తింటే మత్తు కమ్ముతుందని మన పెద్దవాళ్ళకు తెలుసు. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయాయి. బూజు పట్టిన అరికె పైరు మేయడమే కారణమని తేలింది. అంత పెద్ద జంతువునే పడగొట్టింది. అరికెలు మంచి తిండే, నేనూ తింటాను. బాగా ఎండినవి, వాసన లేనివి చూసుకుని తీసుకెళ్ళండి.

వెదురు బొంగులో కోడి గురించి కూడా వీడియోలో అడిగారు మా వాళ్ళు. అది అరకు, పాడేరు వైపు వంట. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క వెయ్యరు. పచ్చి వెదురు ఉండాలి, ఎండుదైతే కోడి కంటే ముందు బొంగు కాలిపోతుంది. మా దగ్గర అంత లావు వెదురు లేదు కాబట్టి నేను చేసి చూపించలేను. పైగా కావలి రాత్రి మాంసం వండితే ఆ వాసనకు ఊరకుక్కలన్నీ చేలోనే ఉంటాయి.

వాన పడిన రాత్రి

నవంబరులో మాకు ఈశాన్య రుతుపవనాల జల్లులు ఉంటాయి. కట్టెలు తడుస్తాయి, పొయ్యి గుంతలో నీళ్ళు నిలుస్తాయి. ఆ రాత్రి కోసం వంట అక్కర్లేని తిండి ఒకటి సంచిలో ఉండాలి.

నాకు నచ్చింది మజ్జిగ అటుకులు. దొడ్డు అటుకులు కడిగి పది నిమిషాలు వదిలేసి, మజ్జిగ, ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ. అంతే. మా ఇంట్లో జొన్నరొట్టెలు పల్చగా కాల్చి, గాలికి ఆరబెట్టి కరకరలాడేలా చేసి ఇస్తారు. అవి గుడ్డలో కట్టి పెడితే వారమైనా చెడవు, చెనక్కాయ పొడి అద్దుకుని తింటే చాలు. పేలపిండిలో బెల్లం తురుము కలిపి డబ్బాలో పెట్టుకున్నా, నీళ్ళు కలుపుకుని ముద్ద చేసుకోవచ్చు.

కాస్త మంట అంటించే వీలుంటే ఉగ్గాని. మా రాయలసీమ వాళ్ళకు ఇంతకంటే తొందరగా అయ్యే వేడి తిండి లేదు. బొరుగులు నీళ్ళలో ముంచి వెంటనే పిండేయాలి, నాననిస్తే గుజ్జు అవుతాయి. బాణలిలో నూనె, ఆవాలు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, టమోటా, పసుపు, ఉప్పు. వేగాక బొరుగులు వేసి, పుట్నాల పొడి చల్లి, రెండు నిమిషాలు కలిపి, దించాక నిమ్మకాయ పిండాలి. పది నిమిషాల పని. బొరుగులు తేలిక కాబట్టి మోసుకెళ్ళడానికీ బరువు కాదు. గుడ్లు తీసుకెళ్ళాలంటే ఒక డబ్బాలో వరి ఊక పోసి అందులో పూడ్చండి, బండి మీద గతుకుల్లో కూడా పగలవు.

వాన రాత్రే ఇంకొకటి జరిగింది. చలికి తట్టుకోలేక మేనల్లుడు ఇనుప గంపలో నిప్పులు వేసుకుని టెంటు లోపలికి తీసుకుపోతున్నాడు. "పొగ లేదు కదా మామా, ఎర్రటి బొగ్గులే" అన్నాడు. పొగ లేకపోవడమే ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. మూసిన టెంటులో నిద్రపోయినవాడు నిద్రలోనే పోతాడు. గంప లాక్కుని బయట పెట్టించాను. వాడు మొహం ముడుచుకున్నాడు, రెండు దుప్పట్లు ఇచ్చాను. గ్యాస్ పొయ్యి అయినా సరే, టెంటులో వంట చెయ్యకూడదు, వాన ఎంత కురుస్తున్నా. పైన పట్టా ఒకటి నాలుగు కర్రలకు కట్టి, నాలుగు వైపులా గాలి ఆడేలా ఉంచుకుని దాని కింద వండుకోండి.

నీళ్ళు, మిగిలిన తిండి

ముగ్గురికి ఒక రాత్రికి, పొద్దున మొహాలు కడుక్కోవడంతో కలిపి, ఇరవై లీటర్ల క్యాను సరిపోతుంది. బావి నీళ్ళో, వంక నీళ్ళో తాగాల్సి వస్తే గుడ్డలో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పైన కాగనివ్వండి. క్యాను తాగడానికే వాడేది అయి ఉండాలి. పురుగుమందుల డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా తాగునీళ్ళకు వాడకూడదని అందరికీ తెలుసు. మన నీమాస్త్రం డబ్బాలకు కూడా అదే వర్తిస్తుంది. మావాడు రెండో రోజే ఖాళీ డబ్బా చూసి నీళ్ళు పట్టుకొచ్చాడు. వాసన చూస్తే తెలిసింది. ఇప్పుడు కషాయాల డబ్బాలన్నిటికీ మెడకు ఎర్రగుడ్డ కట్టాను.

మిగిలిన సంగటిని మా అమ్మ వాళ్ళు చేసినట్టే చేస్తాం. పూర్తిగా చల్లారనిచ్చి, ముద్ద మునిగేలా నీళ్ళు పోసి, కాస్త పులిసిన మజ్జిగ కలిపి, మట్టి దుత్తలో వేసి తడిగుడ్డ చుట్టి పెడతాం. మజ్జిగ పులుపు పట్టడంతో చెడగొట్టే వాటికి చోటు తగ్గుతుంది. పొద్దున ఏడు గంటలకల్లా ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నంజుకుని తాగేస్తాం, మధ్యాహ్నం దాకా ఉంచం. సద్దికి, క్యారియర్‌లో మగ్గిన అన్నానికి తేడా ఇదే. కిచిడి, ఉగ్గాని మిగిలితే మాత్రం ఉంచుకోం. అందుకే కొలత పట్టి వండటం.

పారేసేది టెంటు పక్కన పారేయొద్దు. మెతుకులకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. కొండ పక్క చేలలో బెల్లం, పండ్ల వాసనకు ఎలుగు కూడా వస్తుంది. తిన్న వెంటనే గిన్నెలు కడిగి, మిగిలింది దూరంగా గుంత తీసి పూడ్చేస్తాం. తిండి డబ్బాలు టెంటులో కాదు, చెట్టు కొమ్మకు సంచిలో వేలాడతాయి.

ఇక పొద్దున బయల్దేరే ముందు పొయ్యి. మట్టి కప్పకండి. బిందె నీళ్ళు మొత్తం పోసి, కట్టెతో కలిపి, మళ్ళీ పోసి, చెయ్యి వెనక భాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకో బిందె. వీడియోలో చివర మూడు నిమిషాలు ఇదే ఉంది, దాటేయకుండా చూడండి. సంగటి ఎనపడం దగ్గర నుంచి తీశాం, మేనల్లుడు ఆరో రాత్రి చేసినది. ఉండలు కట్టలేదు. వాడి నూడుల్స్ ప్యాకెట్లలో నాలుగు ఖర్చయ్యాయి, పదహారు మా ఇంట్లో ఉన్నాయి.